నలభై బస్తాల బ్లీచింగ్

ప్లాంటు గేటు దాటి పది అడుగులు వేసిందో లేదో, తన ట్యాంకుకు ఏదో అయిందని బురదక్కకు తెలిసిపోయింది. ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్ళంతా ఆ పూట గోడలకు సున్నం కొట్టడంలోనూ, పూలకుండీలు మోయడంలోనూ తలమునకలుగా ఉన్నారు. ముక్కే చెప్పింది. పంతొమ్మిదేళ్ళుగా పొద్దున్నే ఆ ముక్కుకు తగిలే వాసన ఒకటుంది. తడిసిన తోటమట్టి వాసన, దాని అడుగున కాస్త కిరసనాయిలు. ఆ వేళ మట్టి వాసన లేనే లేదు. ఆసుపత్రి వరండా వాసన, దాని వెనకాలే పచ్చి నూనె ఘాటు.

"ఎవడ్రా నా ట్యాంకులో చెయ్యి పెట్టింది?" అని అక్కడి నుంచే అరిచింది.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను టోపీ సర్దుకున్నాడు. "నాకేం తెలుసక్కా, నేను గేటు చూసుకునేవాణ్ణి" అన్నాడు. గేటు చూసుకునేవాడికి గేటులోంచి ఏం పోయిందో తెలియదట! ఇలాంటి వాళ్ళని కూర్చోబెట్టి జీతాలిస్తారు మరి. ఆమె అతని వంక మళ్ళీ చూడలేదు. చెప్పుల చప్పుడు ఫ్యాక్టరీ అంతా వినబడేలా ట్యాంకు వైపు నడిచింది.

ఆ రిఫైనరీలో ఆమెను బురదక్క అనే పిలుస్తారు. మొదట్లో వెక్కిరింతకే పెట్టారు. ఇప్పుడు ఆమే ఫోనెత్తి, "బురదక్కని మాట్లాడుతున్నా, ఏం కావాలో చెప్పు" అంటుంది. ముడిచమురును కడిగి, కాచి, పెట్రోలూ డీజిలూ తీసే ఆ ఫ్యాక్టరీ రోజంతా వాడి వదిలేసిన నీళ్ళు ఆఖరికి ఆమె ఉండే మూలకు వస్తాయి. పైన తేలే నూనెను ముందే తీసేస్తారు. నీళ్ళలో కరిగిన విషాన్ని ఏ గరిటె పెట్టి తీస్తారు? దాన్ని తినేవాళ్ళుండాలి. వాళ్ళు గాలి ట్యాంకులో ఉంటారు. కంటికి కనబడని పురుగులు, కోట్లకు కోట్లు, ఒకదాన్నొకటి పట్టుకుని గోధుమరంగు బురదలా ఉంటాయి. కింద నుంచి గాలి కొడుతుంటే ఊపిరి తీసుకుంటూ, విషం తింటూ, నీళ్ళను వదిలేస్తాయి. ఆ నీళ్ళే గేటు దాటి కాలవలో కలుస్తాయి. చూసేవాడికి అది మురికి. బురదక్కకు అది మంద. ఎండెక్కువైతే గాలి పెంచుతుంది, మేత ఘాటెక్కువైతే తగ్గిస్తుంది, ఏ రోజు ఎంత ఆకలి మీద ఉన్నాయో నురగ రంగు చూసి చెప్పేస్తుంది.

ఇనప మెట్లు ఎక్కి ట్యాంకులోకి తొంగిచూసింది. గోధుమరంగు పోయింది. పాలు విరిగినట్టు తెల్లటి నీళ్ళు, వాటి మీద సబ్బునురగ. కమ్మీ పట్టుకుని ఇంకాస్త కిందికి వంగి చూసింది.

గట్టు మీద ప్రాణవాయువు కొలిచే మీటరు ఉంది. రోజూ రెండు దగ్గర ఉండే ముల్లు ఏడున్నర మీద కూర్చుంది. కొట్టే గాలి కొట్టినట్టే నీళ్ళలో ఉండిపోతోంది. పీల్చుకునేవాళ్ళు లేరు.

ఒక గ్లాసు నీళ్ళు ముంచుకుని తన చిన్న గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ గదిలో మైక్రోస్కోపు ఉంది. దాన్ని ఆమె తప్ప ఎవరూ ముట్టుకోరు, ముట్టుకోనివ్వదు. ఒక చుక్క అద్దం మీద వేసి కన్ను పెట్టింది. రోజూ అక్కడ ఒక సంత ఉంటుంది. కాడల మీద ఊగే గంటపురుగులు, గిరగిర తిరిగే చక్రాలపురుగులు, అడ్డంగా పడి పరిగెత్తేవి. ఈ వేళ గంటలు కాడల మీదే వాలిపోయి ఉన్నాయి. ఇంకో చుక్క వేసింది. ఇంకోటి వేసింది. ఏడో చుక్కకు కళ్ళలో నీళ్ళు తిరిగి అద్దం మసకేసింది. ఏడవడానికి ఇప్పుడు తీరికెక్కడిది అని తన్ను తానే తిట్టుకుని లేచింది.

ట్యాంకుకు గాలి కొట్టే బ్లోయర్ల గది వెనక ఆమెకు కావలసింది దొరికింది. మడతపెట్టి, తాడుతో కట్టి, బుద్ధిగా దొంతర పెట్టిన ఖాళీ బస్తాలు. బ్లీచింగ్ పౌడరు. లెక్కపెట్టింది, నలభై. అంత నీటుగా మడతపెట్టే మనిషి ఈ ప్లాంటులో ఒక్కడే ఉన్నాడు. వాడి చేత చిన్నప్పుడు దుప్పట్లు మడతపెట్టించింది తనే.

"ఒరేయ్!" అంది. ఆ ఒక్క పిలుపుకే బ్లోయర్ల హోరు చిన్నబోయింది.

తమ్ముడు ప్లాంటు చివరి నుంచి వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నోట్లో నాలుక లేని మనిషి. ఉన్న పని పోయి ఇంట్లో కూర్చుంటే, కాంట్రాక్టరు కాళ్ళావేళ్ళా పడి రెండేళ్ళ కిందట ఇక్కడ పెట్టించింది ఆమే. అక్క ముఖం చూడగానే వాడి నవ్వు సగంలో ఆగింది.

"ఏంట్రా ఇవి?"

"బ్లీచింగ్ అక్కా. నిన్న నీకు సెలవు కదా. ఇవాళ పెద్దవాళ్ళొస్తున్నారు, ట్యాంకు మీద ఆ నురగేంటి, ఆ కంపేంటి, కడిగెయ్యమన్నారు సారు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఒక్కణ్ణే మోశా. నువ్వొచ్చేసరికి తళతళలాడాలని..."

"తళతళలాడింది. శవం కడిగినట్టు తళతళలాడింది. ఒక్క మాట నాకు ఫోను చెయ్యడానికి నీ నోరు పడిపోయిందా?"

"అక్కని అడుగుతానన్నా. ఈ మాత్రం కడగడానికి అక్కెందుకు అన్నారు సారు." వాడు బస్తాల వంక, ఆమె వంక చూశాడు. "ఏమైందక్కా? శుభ్రం చేస్తే తప్పేంటి?"

చెయ్యి లేచింది. దించుకుంది. వీడు ఇంట్లో వారానికోసారి బాత్రూములో ఇదే పొడి చల్లి కడుగుతాడు. మంచి నీళ్ళ ట్యాంకులోనూ చిటికెడు వేస్తాడు. వీడి బుర్రలో బ్లీచింగ్ అంటే శుభ్రం, బురద అంటే మురికి. అంతే. ఆ కోపం వీడి ఒక్కడి మీదే కాదనిపించింది. ఇంకెవరి మీదో అప్పుడు ఆలోచించే తీరిక లేదు.

ముందు కాలవ ఆపాలి. చచ్చిన ట్యాంకులోంచి నీళ్ళు విషంతో సహా అలాగే కాలవలోకి పోతున్నాయి. ఆ కాలవ ఫ్యాక్టరీ గోడ దాటి, కార్మికుల ఇళ్ళ వెనకగా, ఇంకా దిగువనున్న వీధుల వెంట పోతుంది. ఆడవాళ్ళు బట్టలుతుకుతారు, పశువులు తాగుతాయి, నాలుగింటికి బడి వదలగానే పిల్లలు చొక్కాలు గట్టున పడేసి దూకుతారు. ఇక్కడి నీళ్ళు వాళ్ళను చేరడానికి అయిదారు గంటలు. ట్యాంకులో పాత నీళ్ళు అయిపోవడానికి రాత్రంతా పట్టి ఉంటుంది, తెల్లవారుజాము నుంచీ ఇవి పోతున్నాయంటే ముందు భాగం మధ్యాహ్నానికల్లా అక్కడుంటుంది. ఇప్పుడు ఆపితే ఆ కాస్తతో పోతుంది, లేదంటే రోజంతా పారుతుంది.

ఆపడం పెద్ద పనేం కాదు. ఇలాంటి రోజు కోసమే పక్కన ఆపద ట్యాంకు ఖాళీగా ఉంటుంది. కాలవ గేటు మూసి, దాని గేటు తిప్పితే చాలు. కానీ రెండు చక్రాలకూ కలిపి ఒక గొలుసు, గొలుసుకు తాళం. మూడు నెలల కిందట ఆమె ఎవర్నీ అడక్కుండా అలా తిప్పితే, కంట్రోలు రూములో ఎర్రదీపం వెలిగి, పైవాళ్ళు కొత్త మేనేజరును నిలదీశారు. ఆయన మర్నాడే తాళం వేయించి చెవి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మేనేజరుకు ప్లాంటువాళ్ళు పెట్టిన పేరు సున్నం సారు. వచ్చి నాలుగు నెలలైంది. కాలవల గట్లకు సున్నం, చెట్ల మొదళ్ళకు సున్నం, తుప్పు పట్టిన పైపులకు వెండి రంగు. ఒకచోట కదలకుండా నిలబడితే మనకీ పూసేస్తాడని కుర్చీల్లో కూర్చునేవాళ్ళు కూడా నవ్వుకుంటారు. ఆయన పూలకుండీల వరస సరిచేయిస్తుండగా బురదక్క వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"సార్, తాళం చెవి ఇవ్వండి. ట్యాంకు చచ్చిపోయింది."

"ఏమ్మా, పొద్దున్నే ఆ చావు మాటలేంటి? ఇప్పుడే పైకెక్కి చూసొచ్చా. నీళ్ళు తెల్లగా ఉన్నాయి, కంపు లేదు. ఆక్సిజన్ ఏడున్నర! నీ చేతుల్లో ఎప్పుడైనా రెండు దాటిందా?"

"తినేవాళ్ళు పోతే అన్నం గిన్నెలోనే ఉంటుంది సార్. గిన్నె నిండుగా ఉందని సంబరపడతారా?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇదిగో చూడు. పదకొండింటికి తనిఖీ వాళ్ళొస్తున్నారు. మధ్యాహ్నానికి వెళ్ళిపోతారు. సాయంత్రం నింపాదిగా చూసుకుందాం. ఇప్పుడు ఆ చక్రం తిప్పి ఎర్రదీపం వెలిగించి నా కొంప ముంచకు."

"నాలుగింటికి పిల్లలు కాలవలో దిగుతారు."

"అంత కాలవలో ఈ కాసిని నీళ్ళు ఎక్కడ కలిసిపోతాయో ఎవరికి తెలుసు? నువ్వు ఊరికే గోరంతను కొండంత చేస్తావు. లాగుబుక్కు తెప్పించా. అన్నీ సవ్యంగా ఉన్నాయని రాసి సంతకం పెట్టు."

"పెట్టను."

"పెట్టకు. అప్పుడు నేనే రాస్తాను. హెల్పరు ఎవర్నీ అడక్కుండా ట్యాంకులో బ్లీచింగ్ పోశాడని. మోసింది వాడే, పోసింది వాడే. చూసినవాళ్ళు పదిమంది. వాడు నీకు ఏమవుతాడో నాకు తెలియదనుకున్నావా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. తాను చేయించిన పనిని నోట్లో నాలుక లేనివాడి నెత్తిన రుద్దడానికి ఎంత తేలిగ్గా నోరొచ్చింది ఈ మనిషికి! ఏమైనా అంటే మాట దాటిపోతుందని పళ్ళు బిగబట్టి అక్కణ్ణుంచి వచ్చేసింది. లాగుబుక్కు చంకలో ఇరికించుకుని వచ్చేసింది, సంతకం పెట్టడానికి కాదు, ఇంకొకడి చేతికి చిక్కకుండా.

తమ వీధికి ఫోను చేసింది. పక్కింటి పిన్ని ఎత్తింది. "పిన్నీ, ఇవాళ కాలవ వైపు ఎవర్నీ వెళ్ళనివ్వకు. పిల్లల్ని అసలు దిగనివ్వకు. ఎందుకని అడక్కు, నేను చెప్పానని చెప్పు."

"మళ్ళీ ఏం వదిలారే ఆ పాపిష్టోళ్ళు!" అంది పిన్ని. "మన వీధి వరకైతే కర్ర పట్టుకుని కూర్చుంటా. మరి దిగువ వీధుల వాళ్ళకో?"

 దిగువ వీధుల్లో ఎవరి ఫోను నంబరూ ఆమె దగ్గర లేదు.

చేపల తొట్టి దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఇంకో నాటకం నడుస్తోంది. ప్లాంటు చివర, చిన్న గదంత సిమెంటు తొట్టి అది. ట్యాంకులో శుభ్రపడిన నీళ్ళలో ఒక పాయ పైపు గుండా దాంట్లోకి వచ్చి పోయేలా ఎప్పుడో కట్టారు. పక్కన బోర్డు: "మేము శుద్ధి చేసిన నీటిలోనే ఈ చేపలు బతుకుతున్నాయి." వచ్చిన ప్రతి పెద్దమనిషినీ అక్కడికి తీసుకెళ్ళి చేపలను చూపించడం ఆ ఫ్యాక్టరీ ఆనవాయితీ. వాటికి పదకొండేళ్ళుగా గింజలు వేసింది బురదక్కే. ఒక పెద్ద నల్లచేప ఆమె నీడ పడితేనే పైకొచ్చి నోరు తెరిచేది.

ఇప్పుడు తొట్టి పక్కన మూతి కట్టిన గోనెసంచి ఉంది. విప్పి చూసింది. నల్లచేప అన్నిటికంటే పైనే ఉంది.

"పొద్దున్న వచ్చేసరికే తేలిపోయి ఉన్నాయక్కా" అన్నాడు తమ్ముడు నేల చూస్తూ. "పాతిపెట్టమన్నారు సారు. తొట్టి తోడించి, ట్యాంకరుతో మంచినీళ్ళు పోయించారు. పైపు వాల్వు కట్టేయించారు. కొత్త చేపలొచ్చాయి."

నీలం డ్రమ్ము వంచి ఒకతను చేపలను తొట్టిలోకి వదులుతున్నాడు. వేలెడు పొడుగు ఎర్రవి, నారింజవి, ఓ యాభై. తాగే నీళ్ళలో అవి చకచకా ఈదుతున్నాయి. బోర్డు మీద అక్షరాలకు కొత్తగా రంగేశారు.

బురదక్కకు నవ్వొచ్చింది. కడుపు మండితే వచ్చే నవ్వు. ఈ మనిషికి తెలివి లేదని ఎవరన్నారు? చచ్చిన చేపలను చూడగానే నీళ్ళలో విషముందని ఆయనకూ తెలిసింది. తెలిసి, చేపలకు మంచినీళ్ళు తెప్పించాడు. కాలవ గేటు మాత్రం తెరిచే ఉంచాడు. చేపలపాటి చెయ్యలేదు ఆయన లెక్కలో ఆ దిగువ వీధుల పిల్లలు.

"నువ్విక్కడే ఉండి చేపలకు గింజలెయ్యి అన్నారు నన్ను" అన్నాడు తమ్ముడు. "అక్కా, నిజం చెప్పు. ఇవన్నీ నా వల్లేనా?"

"నోర్ముయ్" అంది. వాడు మూసుకున్నాడు. ఎప్పుడూ అంతే.

పదకొండన్నవాళ్ళు ఒంటిగంటకొచ్చారు. నీళ్ళు, గాలి తనిఖీ చేసే ఆఫీసు నుంచి ఒక పెద్ద మేడం, వెంట ముగ్గురు. మేడం నెరిసిన జుట్టు, ముతక చీర, అరిగిన చెప్పులు. పూలగుత్తి ఇస్తే తీసుకుని పక్కవాడి చేతిలో పెట్టేసింది. బ్లోయర్ల గదిలోనే ఉండమని బురదక్కకు కబురొచ్చింది. ఆమె వినలేదు. గుంపు వెనక నడిచింది.

సున్నం సారు గాలి ట్యాంకు చూపించాడు, మీటరు చూపించాడు, నిన్నటి లాబు కాగితాలు చూపించాడు. నిన్నటివి కదా, నిక్షేపంలా ఉన్నాయి. మేడం మెడ చాచి నీళ్ళ వైపు చూసి, "రంగు మారిందేంటి?" అంది.

"కొత్త పద్ధతి మేడం. మరింత శుభ్రంగా."

"అబద్ధం!" బురదక్క గొంతు వెనక నుంచి వచ్చింది. "అది చచ్చింది మేడం. నిన్న నలభై బస్తాల బ్లీచింగ్ పోయించారు. పురుగులన్నీ పోయాయి. ఇప్పుడు ఉన్న విషం ఉన్నట్టే కాలవలోకి పోతోంది."

అందరూ వెనక్కి తిరిగారు. సున్నం సారు ఇబ్బందిపడ్డవాడిలా నవ్వాడు. "మా పాత ఆపరేటరు మేడం. పని బాగానే చేస్తుంది గానీ ముక్కు మీదే కోపం. కొత్తగా ఏం చేసినా ఆమెకు గిట్టదు. మీరు నీళ్ళు పట్టుకోండి, పరీక్ష చేయించుకోండి. మాకు దాచుకునేదేముంది?"

మేడం బురదక్కను పరకాయించి చూసింది. వెంట వచ్చినవాడు సీసాలో నీళ్ళు పట్టాడు, మూత బిగించి చీటీ అంటించాడు.

"ఫలితం ఎప్పుడొస్తుంది మేడం?" అంది బురదక్క.

"ఆ పరీక్షకు అయిదు రోజులు పడుతుందమ్మా. అంతకుముందు నేను ఏ కాగితం మీదా ఏమీ రాయలేను."

అయిదు రోజులు! నాలుగింటికి బడి వదులుతారు. అయిదు రోజుల పాటు ఆ కాలవ అలాగే పారుతుంది. ఆమెకు లోకం మీద, సీసాల మీద, చీటీల మీద, తన నోటి మీద తనకే అసహ్యమేసింది. ఎప్పుడూ అరిచే మనిషి అరిస్తే ఎవరు వింటారు? ఈవిడ అరుపు రోజూ ఉండేదేగా అనుకుంటారు.

"ఇక ఆఖరుగా, మాట కాదు, కళ్ళతోనే చూడండి" అని సున్నం సారు అందర్నీ చేపల తొట్టికి నడిపించాడు. మధ్యలో బురదక్క ముందుకు రాకుండా ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు అడ్డంగా నిలబడ్డారు. తమ్ముడు తొట్టికి అవతల, గింజల గిన్నె పట్టుకుని, కట్టేసిన వాల్వు పక్కనే నిలబడి ఉన్నాడు. వెయ్యి అన్నట్టు సారు కళ్ళతో సైగ చేశాడు. వాడు గింజలు వేశాడు. చేపలు ఎగబడ్డాయి. మేడం వెంట వచ్చినవాళ్ళలో ఒకడు ఫోను తీసి ఫోటో కొట్టాడు.

"చూశారుగా మేడం. మా ట్యాంకులోంచి వచ్చిన నీళ్ళే."

తమ్ముడు ఆ మాట విన్నాడు. వాడి చూపు గోనెసంచి ఉన్న మూలకు పోయింది, అక్కడి నుంచి కాలవ గేటుకు పోయింది, అంత గుంపు మీదుగా అక్క ముఖానికి వచ్చి ఆగింది. గిన్నె కింద పెట్టాడు. వాల్వు చక్రం మీద రెండు చేతులూ వేశాడు.

"అక్కా" అన్నాడు. అందరికీ వినబడేలా వాడు మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. "ఎటు తిప్పాలి?"

రెండేళ్ళు. రెండేళ్ళుగా ఈ ప్లాంటులో తిరుగుతున్నవాడికి ఏ చక్రం ఎటు తిరుగుతుందో తెలియదు. బస్తా మొయ్యి అంది, మోశాడు. మెట్లు కడుగు అంది, కడిగాడు. ఇదేంటక్కా అని ఎప్పుడైనా అడిగితే, నీకెందుకురా, నేను చూసుకుంటా అంది. ఆ చిన్న గది తలుపు మూసింది. ఈ పురుగుల సంగతి ఈ ఫ్యాక్టరీ మొత్తానికి తన ఒక్కదానికే తెలుసన్నది ఆమెకు మహా ఇష్టంగా ఉండేది.

"ఎడమకి!" అని అరిచింది. "ఎడమకి తిప్పు! మొత్తం తిప్పు!"

"ఏయ్, ఆపు!" సారు తొట్టి చుట్టూ పరిగెత్తాడు. సున్నం తడి ఆరని గట్టు మీద జారి, చెయ్యి ఆనించి లేచేసరికి పైపు గుర్రుమని తెల్లటి నీళ్ళు కక్కడం మొదలైంది.

చేపలకు పారే నీళ్ళంటే మోజు. యాభయ్యీ తోకలాడించుకుంటూ ఆ ధార వైపే వెళ్ళాయి. మొదట ఏమీ కాలేదు. సారు షర్టుకంటిన సున్నం దులుపుకుంటూ ఏదో చెప్పబోయాడు. అప్పుడు ఒక ఎర్రచేప నీళ్ళలోంచి ఎగిరి గట్టుకు కొట్టుకుంది. తరవాత ఇంకోటి. ఆపైన అన్నీ కలిసి పైకొచ్చి, నోళ్ళు తెరిచి గాలి కోసం కొట్టుకున్నాయి. బురదక్కకు వాల్వు కట్టెయ్యమని అరవాలనిపించింది. చేతులు పిడికిళ్ళు బిగించి నిలబడింది. అరవలేదు. పావుగంటలో తొట్టి నిండా ఎర్రటి, నారింజ రంగు పొట్టలు తేలాయి. ఫోటో తీసినవాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ప్రయాణంలో... అలిసిపోయి ఉంటాయి మేడం" అన్నాడు సారు.

మేడం ఆయన వంక చూడలేదు. బురదక్కను దగ్గరికి పిలిచింది. "ఇప్పుడు ఏం చెయ్యాలమ్మా?"

"కాలవ గేటు మూసి, ఆపద ట్యాంకులోకి మళ్ళించాలి. తాళం చెవి ఈయన జేబులో ఉంది. రేపటి సాయంత్రం దాకా ఆగుతుంది. ఈలోపు ఫ్యాక్టరీ నీళ్ళు తగ్గించుకోవాలి. ఊరి మురుగు ప్లాంటు నుంచి బతికున్న బురద తెచ్చి పోస్తే, మూడు వారాలకు మళ్ళీ మంద లేస్తుంది. ముందు దిగువ వీధులకు మైకులో చెప్పించండి. బడి వదిలేలోపు."

మేడం పక్కవాడికి తల ఊపింది. వాడు ఫోను అందుకుని కారు వైపు పరిగెత్తాడు. ఆవిడ సారు ముందు చెయ్యి చాచింది. తాళం చెవి ఆ చేతిలో పడింది.

"ఇంకొక్కటి చెప్పండి. బ్లీచింగ్ పోసిందెవరు?"

బురదక్క నోరు తెరిచింది. ఎవరో తెలియదని చెప్పబోయింది. జన్మలో మొదటిసారి తన ప్లాంటు విషయంలో అబద్ధం చెప్పబోయింది.

"నేనే మేడం" అన్నాడు తమ్ముడు, చేతులింకా వాల్వు మీదే ఉంచి. "సారు పొయ్యమన్నారు, పోశాను. పొయ్యకూడదని నాకు తెలియదు. ఆ నీళ్ళలో ప్రాణమున్నవి ఉంటాయని మా అక్క నాకు ఎప్పుడూ చెప్పలేదు."

వాడి గొంతులో నింద లేదు. ఉన్నదున్నట్టు చెప్పాడంతే. సున్నం సారు పొద్దున్నుంచీ అన్నవన్నీ కలిపినా ఆ ఒక్క మాటంత గట్టిగా తగల్లేదు ఆమెకు.

తాళం తీశారు. కాలవ గేటు చక్రం దగ్గరికి తనే వెళ్ళబోయి ఆగింది. "ఇటు రారా" అంది. "ఇది మూసేది. కుడికి తిప్పు. ఎందుకు మూస్తున్నామో అడుగు."

"ఎందుకక్కా?"

చెప్పింది. వాడు తిప్పుతున్నంతసేపూ చెబుతూనే ఉంది, కసురుకుంటూ, మధ్యమధ్య ముక్కు తుడుచుకుంటూ. గేటు కిందికి దిగి నీటి చప్పుడు ఆగింది. కంట్రోలు రూము నుంచి ఫోను మోగడం మొదలైంది. ఇద్దర్నీ రేపు పనిలోకి రావద్దని, కాగితాలు ఇంటికి వస్తాయని సున్నం సారు దూరం నుంచే అరిచాడు. మేడం అది కూడా రాసుకుంది.

బురదక్క లాగుబుక్కు తీసి గట్టు మీద పెట్టి, ఎన్ని బస్తాలో, ఎవరు చెబితే ఎవరు పోశారో, చెప్పకపోవడం ఎవరి తప్పో అన్నీ రాసి, కింద సంతకం పెట్టింది. తరవాత తమ్ముడి చెయ్యి పట్టుకుని చిన్న గదిలోకి లాక్కెళ్ళింది. స్టూలు మీద కూర్చోబెట్టి, అద్దం మీద ఒక చుక్క వేసి, వాడి మెడ వంచి మైక్రోస్కోపు మీద పెట్టింది.

"ఒక కన్ను మూసుకో. ఈ మర తిప్పుకుంటే కనిపిస్తుంది."

వాడు తిప్పుకుంటూ చాలాసేపు చూశాడు.

"కాడల మీద గంటల్లాంటివి కనిపిస్తున్నాయక్కా" అన్నాడు. "ఏవీ కదలడం లేదు."

"కదిలేవి" అంది బురదక్క. "మొన్నటి దాకా కదిలేవి. చూడు. బాగా చూడు."